అడవి బల్లులను వెతికి గుర్తుపట్టడం: నా అనుభవం

పక్షుల వెంట తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు, సీతాకోకచిలుకల వాళ్లూ ఉన్నారు, పాములంటే ఇక చెప్పక్కర్లేదు. బల్లులూ తొండలూ మాత్రం ఎవరికీ పట్టవు. "ఏదో తొండ" అనేసి ముందుకు నడుస్తారు. ఆ "ఏదో తొండ" ఏ తొండో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు కొన్నేళ్ల కింద మొదలైంది, ఇప్పటికీ తగ్గలేదు. రాతి గుట్టలు, బీడు భూములు, చెరువు గట్లు, తూర్పు కనుమల అంచుల్లో తుప్పలు, ఇవే నేను తిరిగే చోట్లు. ఎలా వెతుకుతానో, దొరికాక దాని పేరు దాకా ఎలా వెళ్తానో ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య చాలామంది ఫోటోలు పంపి "ఇదేం జాతి?" అని అడుగుతున్నారు, ఆ ఫోటోల్లో సగానికి నేను జవాబు చెప్పలేకపోతున్నాను. ఎందుకు చెప్పలేనో కూడా ఇది చదివితే తెలుస్తుంది.

మొట్టమొదట నేర్చుకున్నది జాతుల పేర్లు కాదు, కుటుంబాలు. కంటపడినది బల్లా, తొండా, నలికిరా, పాము కన్ను బల్లా, ఊసరవెల్లా, ఉడుమా అన్నది రెండు సెకన్లలో తేలిపోవాలి, మిగతా గుర్తులన్నీ దాని తర్వాతే. బల్లులకు కనురెప్పలు ఉండవు (మన దగ్గర దొరికేవాటిలో ఒక్క యూబ్లెఫారిస్ మినహాయింపు, దానికి రెప్పలు ఆడతాయి), చర్మం మెత్తగా ఉంటుంది, మీద సన్నటి రేణువుల్లాంటి పొలుసులు. తొండలకు రెప్పలుంటాయి, ఒళ్లంతా గరుకు పొలుసులు, తల నిలబెట్టి కూర్చుంటాయి. నలికిరి నున్నగా మెరుస్తుంది, మెడ ఎక్కడ మొదలైందో తెలియదు, కాళ్లు పొట్టి. చాలామంది దాన్ని పాముపిల్ల అనుకుని చంపేస్తారు, కానీ దగ్గరగా చూస్తే కంటి వెనక చెవి రంధ్రం కనిపిస్తుంది, పాముకి బయటకు చెవి రంధ్రం ఉండదు. పాపం, నలికిరికి విషం కూడా లేదు. ఆ మాటకొస్తే మన దేశంలో మనిషికి ప్రమాదం తెచ్చే విషమున్న బల్లిగానీ తొండగానీ లేదు.

ఇక వెతకడం. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో తెలిస్తే చాలు. వీటి ఒంటి వేడి బయటి నుంచి రావాల్సిందే కాబట్టి పొద్దున్నే సూర్యుడు ఏ రాయిని ముందు తాకుతాడో తొండ కూడా అక్కడికే ముందు వస్తుంది. నేను సాధారణంగా ఎనిమిదింటి నుంచి పదిన్నర వరకు చూస్తాను. అంతకు ముందు వెళ్తే అవి ఇంకా పగుళ్లలోనే ఉంటాయి, మిట్టమధ్యాహ్నం మళ్లీ నీడలోకి పోతాయి. పొద్దున ఇంకో లాభం ఉంది, అప్పటికి ఒళ్లు పూర్తిగా వేడెక్కి ఉండదు కాబట్టి చటుక్కున పరిగెత్తవు, నిదానంగా చూడనిస్తాయి. పది దాటాక వాటిని పట్టుకోవడం కాదుకదా, చూపు నిలపడమే కష్టం. సాయంత్రం నాలుగు తర్వాత మరో విడత ఉంటుంది కానీ పొద్దున వచ్చినన్ని రావు.

కాలం మాటకొస్తే నాకు వేసవి రెండో సగం, తొలకరి దాకా ఉన్న రోజులంటే చాలా ఇష్టం. ఎండకు మనం వాడిపోతాం గానీ మగ తొండలకు రంగులు వచ్చేది, గుట్టల మీద పోట్లాటలు జరిగేది అప్పుడే. వానలు బాగా పడ్డాక పిల్లలు కనిపిస్తాయి, అవి ఇంకో తలనొప్పి, ఎందుకంటే పిల్లల రంగూ గీతలూ పెద్దవాటికి పోలికే ఉండవు. చలికాలం ఉదయాలు మాత్రం నాకు ఎప్పుడూ నిరాశే.

నడిచే పద్ధతి గురించి ఒక్క మాట. వేగంగా నడిస్తే మీకు కనిపించేవి పారిపోయే తోకలే. నాలుగు అడుగులు వేసి ఆగడం, ఆగిన చోట నుంచి ముందు దూరంగా, తర్వాత దగ్గరగా చూడటం అలవాటు చేసుకున్నాను. రాళ్ల మీద అంచుల వెంట చూపు నడిపిస్తే ఎక్కడో ఒక చోట రాయి గీత సరిగ్గా లేదనిపిస్తుంది, అదే తల. బైనాక్యులర్ ఉంటే చాలా మేలు, రెండు మూడు మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అయ్యేది చూసుకోండి. పక్షులకని కొన్న కొన్ని బైనాక్యులర్లు అంత దగ్గర పనిచేయవు. చెవులు కూడా పెట్టాలి. ఎండుటాకుల్లో సన్నగా, ఆగి ఆగి చప్పుడు వస్తే అది నలికిరి అయ్యే అవకాశం ఎక్కువ.

గొర్లు కాసేవాళ్లను అడగడం నేను చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను గానీ దాని వల్ల వచ్చినంత సమాచారం ఇంకెక్కడా రాలేదు. "ఏం వెతుకుతున్నావు బాబూ?" అని అడిగిన ఒక తాతకు "తొండల్ని తాతా" అంటే ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఎర్రవా? ఎర్రవైతే ఆ పెద్ద గుండు మీదకి పో, ఈ తుప్పల్లో ఉండవు. ఇక్కడుండేది గొంతు ఆడించేది, చిన్నది" అన్నాడు. ఆ రెండు వాక్యాల్లో రెండు ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), వాటి ఆవాసాలు వచ్చేశాయి. ఎర్రవి రాతి తొండలు, గొంతు ఆడించేవి సితానాలు.

మామూలు తొండతో మొదలుపెడతాను, అందరికీ తెలిసినది అదే కాబట్టి. శాస్త్రీయ నామం కెలోటిస్ వెర్సికలర్. డోడిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1802లో దీన్ని వర్ణించాడు. దీన్ని రంగుతో గుర్తుపట్టాలని చూస్తే పని జరగదు. ఒకే తొండ పొద్దున బూడిద రంగులో, ఎండెక్కాక గోధుమ రంగులో, జత కట్టే రోజుల్లో తలా భుజాలూ నారింజ ఎరుపులో, గొంతు పక్కన నల్ల మచ్చతో కనిపిస్తుంది. ఓడిపోయిన మగది నిమిషాల్లో వెలవెలబోతుంది. ఈ రంగులు మార్చడం చూసే చాలామంది దీన్ని ఊసరవెల్లి అంటారు. నేను చూసేది రెండు చోట్ల. చెవి పైన రెండు ముళ్లు, ఒకదానికొకటి కాస్త దూరంగా ఉంటాయి. పక్కటెముకల మీది పొలుసులు వెనక్కీ పైకీ చూస్తుంటాయి. ఈ రెండూ ఉంటే అది వెర్సికలర్ గుంపు. పశ్చిమ కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఉండే పచ్చటి దగ్గరి జాతి కెలోటిస్ కెలోటిస్‌కు చెవి పైన ముళ్లు ఒక వరుసలో ఉంటాయి, తేడా ఫోటోలో స్పష్టంగా తెలుస్తుంది.

"వెర్సికలర్ గుంపు" అని ఎందుకన్నానంటే, అది నిజానికి ఒక్క జాతి కాదని ఇప్పుడు తేలింది. ఇరాన్ దగ్గర్నుంచి ఆగ్నేయాసియా దాకా ఉన్నదంతా ఒకటే అనుకునేవాళ్లు. 2021లో డీఎన్ఏ ఆధారంగా వచ్చిన పరిశోధన దాన్ని విడదీసింది, వెర్సికలర్ అన్న అసలు పేరు దక్షిణ భారతం వైపు ఉన్నవాటికి మిగిలింది. అంటే మన గట్ల మీద తల ఊపే తొండే అసలైన వెర్సికలర్. ఇది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు, ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియలేదు.

రాతి తొండ, అంటే సామోఫైలస్, పూర్తిగా వేరే కథ. పేరుకు తగ్గట్టు బండల మీదే బతుకుతుంది. ఒళ్లు కొంచెం బల్లపరుపుగా, పొలుసులు సన్నగా, చెవి దగ్గర కెలోటిస్‌కు ఉన్నట్టు పొడవాటి ముళ్లు లేకుండా ఉంటుంది. జత కట్టే కాలంలో మగది వీపంతా ఎర్రగా, పక్కలు కాటుక నలుపుగా మారిపోతుంది, దూరం నుంచే బండ మీద ఎవరో రంగు పూసినట్టు కనిపిస్తుంది. ఆ రంగు కూడా నిమిషాల్లో మారుతుంది, ఎదుట ఉన్నది ఆడదా, పోటీకొచ్చిన మగదా అన్నదాన్ని బట్టి వేరుగా ఉంటుంది. ఆడవి, పిల్లలు మాత్రం గోధుమ రంగులో చుక్కలతో రాతిలో కలిసిపోతాయి, అందుకే ఎర్ర మగది కనిపించిన బండ చుట్టూ ఇంకో పావుగంట కూర్చుంటే ఆడవి ఒకటొకటిగా కనిపిస్తాయి. నిజానికి అక్కడ అవి ముందు నుంచే ఉంటాయి.

ఇక్కడే మొదటి చిక్కు. దక్షిణాదిన డార్సాలిస్, తూర్పు కనుమలూ మధ్య భారతం వైపు బ్లాన్‌ఫోర్డానస్, రెండు జాతులున్నాయి. డార్సాలిస్‌కు నడుము చుట్టూ పొలుసుల లెక్క ఎక్కువ, అంటే పొలుసులు ఇంకా చిన్నవి; బ్లాన్‌ఫోర్డానస్‌కు తక్కువ, ఒళ్లు కూడా చిన్నదే. ఫోటోలో నడుము చుట్టూ లెక్కపెట్టడం అసాధ్యం, కింది భాగం కనిపించదు కదా. అందుకని వీపు మధ్య నుంచి పొట్ట అంచు దాకా ఒక పక్క లెక్కపెట్టి రెండు జాతుల ఫోటోలతో పోల్చుకుంటాను. అయినా రెండూ ఉండే వీలున్న చోట "సామోఫైలస్" అని మాత్రమే రాసుకుని ఊరుకుంటాను. అలా ఊరుకోవడం ఓటమి అనుకోను. ప్రజాతి దాకా కచ్చితంగా చెప్పడం జాతి దాకా ఊహించడం కంటే చాలా విలువైనది.

సితానా గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. అరచేతిలో సగం కూడా ఉండని తొండ, బీడు నేల రంగే దాని రంగు, కదలకపోతే కాలి కింద ఉన్నా తెలియదు. వేసవిలో మగది చిన్న రాయో మట్టిగడ్డో ఎక్కి గొంతు కింద మడిచిపెట్టుకున్న సంచిని విసనకర్ర తెరిచినట్టు తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. తెల్లటి సంచి మీద నీలి గీత ఎండలో మెరుస్తుంది. అది కనిపించేది ఆ తెరిచిన క్షణం మాత్రమే. కాబట్టి బీడులో నేల వంక చూడటం మానేసి, చిన్న చిన్న ఎత్తులన్నీ వరుసగా చూస్తూ ఏదైనా మెరుపు పడుతుందా అని చూడాలి. ఒకటి కనిపించాక దాని చుట్టూ ఇంకొన్ని ఉంటాయి, ఎందుకంటే ఆ సంచి ఆడించడం చూడటానికి ఎవరో ఉండాలి కదా. బెదిరితే వెనక కాళ్ల మీద లేచి పరిగెడుతుంది, రెండు కాళ్ల మీద!

ఆడ సితానాకు గొంతు సంచి లేదు. మరి దాన్ని మామూలు తొండపిల్ల కాదని ఎలా చెప్పాలి? వెనక కాలి వేళ్లు లెక్కపెట్టండి. నాలుగే ఉంటాయి. సితానా గుంపు తప్ప మన మిగతా తొండలన్నిటికీ అయిదు. ఇంత తిరుగులేని గుర్తు ఇంకే తొండకూ లేదు, మగా ఆడా పిల్లా తేడా లేకుండా, ఏ కాలంలోనైనా పనిచేస్తుంది. కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1829లో పుదుచ్చేరి పేరు మీదే దీనికి పాంటిసెరియానా అని పేరు పెట్టాడు. చాలాకాలం ఈ విసనకర్ర గొంతు తొండలన్నీ ఇంచుమించు ఒకే పేరు కింద ఉండేవి. 2016లో ఈ గుంపును తిరగరాసి కొన్ని కొత్త జాతులు, సరదా అనే కొత్త ప్రజాతి తెచ్చారు. సరదాలు దక్కను పీఠభూమి వైపువి, గొంతు సంచి మీద నీలం, నలుపు, నారింజ మూడూ ఉంటాయి. మహారాష్ట్ర, కర్ణాటక వైపు తిరిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

నలికిరుల దగ్గరికొస్తే నాకు ఓపిక పరీక్షే. పెద్దది యూట్రోపిస్ కారినాటా, కంచు రంగు వీపు, పక్కన లేత గీత. చిన్నది యూట్రోపిస్ మాక్యులేరియా. వీపు పొలుసు ఒక్కొక్కదాని మీద సన్నటి గట్లలాంటి గీతలుంటాయి, కారినాటాకు అవి 3 లేదా 5, అరుదుగా 7, మాక్యులేరియాకు 5 నుంచి 9. చూశారుగా, 5 రెండింటిలోనూ వస్తుంది, కాబట్టి గీతల లెక్కతో పాటు ఒంటి సైజు, పక్కల రంగు కూడా చూడాలి. మాక్రో ఫోటో (బాగా దగ్గరి నుంచి తీసినది) లేకపోతే ఈ లెక్కే లేదు. చిన్న కాళ్లతో, సన్నగా, ఎర్రటి తోకతో ఆకుల కింద జారిపోయేది కనిపిస్తే అది రియోపా పంక్టాటా పిల్ల. ఆ ఎరుపు పెద్దయ్యాక పోతుంది.

నలికిరి అనుకుని చాలామంది ఫోటో తీసేది ఒఫిసాప్స్, అంటే పాము కన్ను బల్లి. గడ్డి నేలల్లో, రాళ్లూ గడ్డీ కలిసిన చోట ఉంటుంది, సన్నటి ఒళ్లు, వీపు మీద పొడుగు గీతలు, ఒంటికి మించిన తోక. తేడా కంట్లో ఉంది. దాని కింది రెప్ప పారదర్శకంగా మారి కంటి మీద అతుక్కుపోయింది, కాబట్టి రెప్ప వెయ్యదు, పాము చూసినట్టు చూస్తుంది. ఇంకో తేడా, పొలుసులు నలికిరికి లాగ నున్నగా మెరవవు. నిమిషం పాటు బైనాక్యులర్లో కన్ను మాత్రమే చూడండి. రెప్ప వేస్తే నలికిరి, వెయ్యకపోతే ఒఫిసాప్స్.

రాత్రి పని వేరే. తలకు కట్టుకునే టార్చి, చేతిలో ఇంకొకటి, చీలమండ దాటే బూట్లు, ఒక్కరే వెళ్లకపోవడం, ఈ నాలుగింట్లో ఏది లేకపోయినా నేను వెళ్లను. బల్లుల కోసం రాయి పగులులో చెయ్యి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఆ పగుళ్లు తేళ్లవీ పాములవీ కూడా.

బయట ఉండే బల్లుల్లో ఎక్కువ భాగం హెమిడాక్టైలస్ ప్రజాతివి. వేలి కింద మెత్తల పలకలు మధ్యలో రెండుగా చీలి ఉంటే ఈ ప్రజాతి అని నిశ్చయించుకోవచ్చు. ఆపైన ఒక్కొక్కటి. ఇళ్ల దగ్గర చక్ చక్ మనే ఫ్రెనేటస్‌కు ఒళ్లు నున్నగా ఉండి తోక మీద ముళ్ల వరుసలుంటాయి. చెట్టు బెరడు మీద బూడిద రంగులో, వీపున అలలు అలలుగా మచ్చలతో, బాగా ఒళ్లు చేసిన బల్లి కనిపిస్తే లెషెనాల్టి. రాళ్ల కింద, చెదపుట్టల దగ్గర ఉండే ట్రయీడ్రస్‌కు వీపంతా మూడు పలకల గరుకు బొడిపెలు వరుసలు తీరి ఉంటాయి, ముదురు పట్టీలకు తెల్లటి చుక్కల అంచు ఉంటుంది, నా కంటికి మన బల్లుల్లో అందమైనది అదే. పెద్ద బండల మీద, ఏటవాలు రాతి గోడల మీద జానెడు దాటిన బల్లి కనిపిస్తే జైగాంటియస్ ఏమో చూడండి. స్టోలిచ్కా అనే శాస్త్రవేత్త 1871లో గోదావరి లోయ నుంచి దీన్ని వర్ణించాడు, అంటే ఇది మన నేల బల్లి.

తోక గురించి ఇది తప్పకుండా చెప్పాలి. బల్లులూ నలికిరులూ తోక తెంపుకుంటాయి, కొత్తది మొలుస్తుంది, కానీ మొలిచిన తోక మీద ముళ్లూ పట్టీలూ పాతవాటిలా రావు. అంటే "తోక మీద ముళ్లు లేవు కాబట్టి ఫ్రెనేటస్ కాదు" అనే ముందు ఆ తోక పుట్టుకతో వచ్చిందో మళ్లీ మొలిచిందో తేల్చుకోవాలి. మొలిచినదానికి అది మొదలయ్యే చోట ఒక అతుకు కనిపిస్తుంది, అక్కడి నుంచి రంగూ పొలుసుల తీరూ ఒక్కసారిగా మారతాయి. మన తొండలు అలా తెంపుకుని మొలిపించుకోవు, కాబట్టి తొండకు తోక పొట్టిగా ఉంటే ఎవరో కొరికారనే అర్థం. మగ బల్లులకు తొడల కింద వరుసగా ఉండే రంధ్రాలు, వాటి లెక్క, మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నది నిపుణులకు పెద్ద ఆధారం. అది మనకు దొరకాలంటే బల్లి మన తలపై వేలాడే బండ అడుగున ఉండాలి. అలా దొరికినప్పుడు నేను మిగతావన్నీ వదిలేసి కింది నుంచే ఫోటోలు తీస్తాను.

ఇప్పుడు బంగారు బల్లి. శాస్త్రీయ నామం కెలోడాక్టైలోడిస్ ఆరియస్. బెడ్డోమ్ అనే శాస్త్రవేత్త 1870లో తిరుపతి కొండల నుంచి వర్ణించాడు, ఆ తర్వాత వందేళ్లకు పైగా దాదాపు ఎవరికీ కనిపించలేదు, 1980ల మధ్యలో తిరుమల కొండల్లోనే మళ్లీ దొరికింది. ఆ తర్వాత తూర్పు కనుమల్లో ఒడిశా దాకా, కింద తమిళనాడులో కూడా ఉందని తేలింది. ఈ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు, రెండోది శ్రీలంకలో. నేను దీన్ని చూసింది శేషాచలం వైపు, నీడగా చల్లగా ఉండే లోయలో వాగు పక్కన, పైనుంచి వంగిన పెద్ద బండ కింద. అనుమతి ఉన్న దారి వదలకుండానే చూశాం. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు, ఈ బల్లి కోసమైనా సరే.

బల్లి కంటే ముందు మాకు కనిపించింది దాని గుడ్లు. బండ అడుగున తెల్లగా గుండ్రంగా ఒకదాని పక్కన ఒకటి అతికించి ఉన్నాయి, పిల్లలు బయటకొచ్చేసిన గుడ్ల పెంకుల గుర్తులు వాటి చుట్టూ, పాతవి కొత్తవి కలిసి. ఎన్నో ఆడ బల్లులు ఒకే చోటికి వచ్చి పెడతాయి, ఆ చోటునే ఏళ్ల తరబడి వాడతాయి. అందుకే అలాంటి బండను ఎవరైనా పగలగొడితే పోయేది ఒక బల్లి కాదు, ఆ చుట్టుపక్కల ఉన్న గుంపుకు పుట్టిల్లే. అరుపు కూడా గట్టిగా ఉంటుంది, మామూలు బల్లి అరుపుకు అలవాటైన చెవికి కొత్తగా తోస్తుంది. మేం చూసినవాటిలో ఒక్కటే పసుపు రంగులో ఉంది, మిగతావన్నీ మచ్చల గోధుమ రంగువి. ఆ బంగారు రంగు జత కట్టే మగదానిది, కాబట్టి పేరు చూసి పసుపు కోసమే వెతికితే మిగతావన్నీ వదిలేసి వస్తారు. వేళ్లు చూడండి. చివర వెడల్పాటి మెత్తల జత, మొదట్లో ఇంకో జత ఉంటాయి. హెమిడాక్టైలస్ పాదానికీ దీనికీ పొంతనే లేదు, ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

ఊసరవెల్లి, అంటే కెమీలియో జైలానికస్, మన దేశంలో ఉన్న ఒకే ఒక్క ఊసరవెల్లి. గుర్తుపట్టడం దీన్ని మించి సులువైనది లేదు. వేళ్లు రెండు కట్టలుగా కలిసిపోయి కొమ్మను పట్టకారులా పట్టుకుంటాయి, కళ్లు దేనికది తిరుగుతాయి, తల వెనక శిరస్త్రాణంలా ఎత్తుగా ఉంటుంది. వెతకడమే కష్టం. పగలు నేను వెతకడం మానేశాను. రాత్రి నిద్రపోతున్నప్పుడు దాని రంగు లేతగా మారుతుంది, కొమ్మ చివర్లలో పడుకుంటుంది, టార్చి వెలుగు పడగానే ఆకుల మధ్య తెల్లగా తేలుతుంది. కనిపించాక వెలుగు పక్కకు తిప్పేయండి, దాని నిద్ర చెడగొట్టకండి. రోడ్డు దాటుతూ చక్రాల కింద పడి చచ్చినవి చూసినప్పుడు నాకు చాలా బాధేస్తుంది, అంత నెమ్మదిగా నడిచే జంతువు తప్పించుకునే దారే లేదు.

ఉడుము గురించి పెద్దగా చెప్పను. ముక్కు రంధ్రం ఏటవాలు చీలికలా ఉండి మూతి చివరకంటే కంటికి దగ్గరగా ఉంటే అది మామూలు ఉడుము, వారానస్ బెంగాలెన్సిస్. నీటి ఉడుముకు ముక్కు మూతి చివర దగ్గరుంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఉడుము ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది, పట్టుకున్నా చంపినా జైలే. అయినా వేట ఆగలేదు, అందుకే ఉడుము చూసిన చోటు నేను ఎవరికీ చెప్పను.

ఫోటోల విషయం. మీరు పంపే ఫోటోలకు నేను జవాబు చెప్పలేకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటే, వీపు మీద నుంచి తీసిన ఒక్క అందమైన ఫోటో మాత్రమే ఉంటుంది. నాకు కావాల్సినది తల పక్క నుంచి, చెవి స్పష్టంగా కనిపించేలా ఒకటి, నడుము దగ్గర పొలుసులు లెక్కపెట్టగలిగేలా ఒకటి, వెనక పాదం ఒకటి, తోక మొత్తం ఒకటి. పాదం అన్నిటికంటే ముఖ్యం. దూరం నుంచే మొదటి ఫోటో తీసేయండి, ఎందుకంటే దగ్గరకెళ్లాక రెండోది దొరుకుతుందన్న హామీ లేదు, తర్వాత ఒక్కో అడుగూ దగ్గరవుతూ తీస్తూ ఉండండి. ఏ చోట, ఏ సమయం, రాయి మీదా చెట్టు మీదా నేల మీదా అన్నది అక్కడికక్కడే రాసుకోండి. సైజు కోసం పక్కన పెన్ను పెట్టాలని చూడకండి, అది వెళ్లిపోయాక అది కూర్చున్న రాయిని కొలుచుకోండి.

ఇంటికొచ్చాక ముందు నేనే ఒక నిర్ణయానికి వస్తాను, కారణాలు రాసుకుంటాను, ఆ తర్వాతే ప్రకృతి పరిశీలనలు పంచుకునే యాప్ ఐనాచురలిస్ట్‌లో పెడతాను. యాప్ ముందుగా చూపించే పేరు నొక్కేయడం చాలా తేలిక, అయితే అది మీ ఫోటో రంగునూ ఆకారాన్నీ చూస్తుందే తప్ప వెనక పాదం వేళ్లు లెక్కపెట్టదు. అక్కడ పరిశోధనకు పనికొచ్చే స్థాయి రావాలంటే కనీసం ఇద్దరు చెప్పాలి, చెప్పినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఏకీభవించాలి. నాకు అక్కడ బాగా నచ్చేది ఎవరైనా వచ్చి "కాదు, తొడ కింద రంధ్రాల మధ్య ఖాళీ చూడు" అని చెప్పడం. ఆ ఒక్క వ్యాఖ్య నాకు నెల రోజుల చదువు. ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటును ఆ యాప్ తనంతట తానే దాచేస్తుంది. మిగతావాటికి కూడా, ముఖ్యంగా బంగారు బల్లి గుడ్ల బండ లాంటి చోట్లకు, మీరే దాచండి.

రాళ్లు తిరగేయడం గురించి అడిగేవాళ్లున్నారు. నేను తిరగేయను. ఆ రాయి కింద తడి, చీకటి, గుడ్లు, పురుగులు అన్నీ కలిసి ఒక ఇల్లు, తిరగేశాక మళ్లీ అదే తీరున పెట్టడం మనవల్ల కాదు. చేత్తో పట్టుకోవడం అసలే వద్దు. చట్టం సంగతి అలా ఉంచితే, బల్లి తోక తెంపుకుందంటే అందులో దాచుకున్న కొవ్వంతా పోయినట్టే, మన ఫోటో కోసం దాన్ని అంత నష్టపెట్టే హక్కు మనకు లేదు.

ఇప్పుడు నా చూపంతా ఎత్తు ప్రాంతాల చిన్న బల్లుల మీద ఉంది. అరకు పేరుతోనే హెమిఫిలోడాక్టైలస్ అరకుయెన్సిస్ అని ఒక సన్నటి బల్లిని 2019లో వర్ణించారు. అంతమంది తిరిగే చోట అంతవరకు పేరు లేని బల్లి ఉందంటే, మనం "ఏదో బల్లి" అని దాటేసినవాటిలో ఇంకెన్ని ఉన్నాయో. అటువైపు ఉండేవాళ్లు, వెళ్లేవాళ్లు రాత్రిపూట చెట్ల మొదళ్లు, పాత రాతి గోడలు చూడండి. దొరికితే నాకు పంపండి, పాదం ఫోటో ముందు పెట్టండి.